మేనేజరుగారి బుస

జూన్ 3, సోమవారం

ఈ పుస్తకం ఈ రోజు మొదలుపెట్టడానికి కారణం, మా ఇంట్లో జరిగిన సంగతిని జరిగినట్టు చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నిన్న పిల్లి మా అబ్బాయి చేతిని కరిచింది. "నా మానాన నేనుంటే వచ్చి మీద పడింది" అని వాడంటాడు. "కొంచెం గీరిందంతే" అని కోడలంటుంది. పిల్లనడిగితే "తెలీదండి" అంటుంది. నేను ఎదురుగానే ఉన్నాను. అబ్బాయి తన మానాన తను లేడు. పిల్లి పడుకున్న కుర్చీ తనకు కావలసి వచ్చి, నడుము కింద చెయ్యి వేసి దాన్ని ఎత్తబోయాడు. అది ముందు బుస కొట్టింది. వినిపించుకోలేదు. అప్పుడు కరిచింది. కొంచెం గీరడం కూడా కాదు, బొటనవేలి మొదట్లో పళ్ళు దిగాయి.

బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నన్నాళ్ళూ పిల్లల తగాదాలు తీర్చినదాన్ని. సాక్ష్యాలు ఇలా తలో దారీ పోతుంటే ఎవరో ఒకరు రాసిపెట్టుకోవాలి.

మార్చిలో ఈ ఇంటికి ముగ్గురు వచ్చారు. అబ్బాయి పెళ్ళి చేసుకుని తెచ్చుకున్న కోడలు, ఆమెకు మొదటి పెళ్ళిలో పుట్టిన ఎనిమిదేళ్ళ కూతురు, ఆ కూతురి పిల్లి. మొదటి ఇద్దరి గురించి రాయవలసిందేమీ లేదు. పిల్లి గురించి ఉంది. బూడిద రంగు, మగది, ఆరేళ్ళు. పేరు మేనేజరు. పొద్దున్నే గదులన్నీ ఒక చుట్టు తిరిగి చూసి, ఎక్కడా తృప్తి పడకుండా వెళ్ళి కిటికీలో కూర్చుంటుందని ఆ పేరు పెట్టారట.

రాత్రి భోజనాల దగ్గర అబ్బాయి తేల్చి చెప్పాడు. "ఇంకొక్కసారి కరిస్తే మా ఫ్రెండు గోడౌనుకు పంపించేద్దాం. అక్కడ ఎలుకలు ఎక్కువ, పిల్లి కావాలంటున్నాడు. రేప్పొద్దున పాప కంట్లో గీరితే ఎవరు బాధ్యులు?" అతనిది కళ్ళజోళ్ళ దుకాణం. ఏ ప్రమాదం తలుచుకున్నా కంటితోనే మొదలుపెడతాడు.

"మీ ఇష్టం" అంది కోడలు.

"సరేనండి" అంది పిల్ల.

అందరూ ఒప్పుకున్నారు కాబట్టి గొడవ లేదు. నేను మాత్రం ఈ నెలాఖరు దాకా గడువు అడిగాను. దాన్ని దారిలో పెడతానన్నాను. పిల్లి మీద నాకు మమకారం ఏమీ లేదని ఇక్కడ రాసిపెడుతున్నాను. పని సగంలో వదలడం నా పద్ధతి కాదు, అంతే.

జూన్ 5, బుధవారం

మొదట సరిచేయవలసింది బుస. పెద్దవాళ్ళు లెమ్మంటే మొహం మీద బుస్సుమనడం ఏ ఇంట్లోనూ చెల్లదు. ఇస్త్రీకి ముందు బట్టల మీద నీళ్ళు చల్లే సీసా ఉంది. బుస కొట్టినప్పుడల్లా ఒక్కసారి మొహం మీద చల్లి, "తప్పు" అంటున్నాను. గొంతు పెంచడం లేదు. పెంచకుండా అంటేనే పని చేస్తుంది, ఏ తరగతిలోనైనా.

పిల్ల గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమ్మా, ఏమైనా చెప్పాలా?"

"లేదండి."

జూన్ 8, శనివారం

బుసలు తగ్గాయి. సీసా చేతిలోకి తీసుకోగానే చెవులు వెనక్కి వాల్చి నేలకు అణిగిపోతోంది. వినయం వస్తోంది.

జూన్ 11, మంగళవారం

పిల్ల గురించి కూడా కాస్త రాస్తాను, న్యాయంగా ఉంటుంది.

నా గదిలోనే ఇంకో మంచం వేశాం. లైటు ఎప్పుడు తియ్యమంటావంటే "మీ ఇష్టమండి" అంటుంది. ఫ్యాను పెంచాలా తగ్గించాలా అన్నా అదే జవాబు. కంచంలో ఏం వేస్తే అది తింటుంది. జడ బిగించి అల్లితే కళ్ళు పైకి లాగుకుపోతాయి కానీ మెడ కదపదు. ఒక్క విషయమే వింతగా ఉంది. నన్ను ఏమనీ పిలవదు. అవసరం వస్తే పక్కకి వచ్చి, నేను చూసేదాకా నిలబడుతుంది. మా అబ్బాయినీ అంతే. మొన్న అతనికి ఫోన్ అందించాలంటే హాలు ఈ చివరి నుంచి "ఇదిగోండి, ఇదిగోండి" అంది. తనను కాదనుకుని అతను పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు.

ఇంత పేచీ లేని పిల్లను నేను చూడలేదు. తరగతికి ఇలాంటివాళ్ళు నలుగురుంటే టీచరుకి స్వర్గం. ఆశ్చర్యం ఏమిటంటే, అలాంటి పిల్లల పేర్లు ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు. బల్లలెక్కి దూకినవాళ్ళవీ, ఎదురు చెప్పినవాళ్ళవీ ఇంటిపేర్లతో సహా గుర్తున్నాయి.

తల్లి బాగా పెంచింది.

జూన్ 14, శుక్రవారం

బుస పూర్తిగా మానేసింది. కుర్చీలోంచి లేపినా, దారికి అడ్డం వస్తే కాలితో పక్కకి జరిపినా నోరు విప్పడం లేదు. అబ్బాయి చూసి, "అమ్మా, నీ ముందు మేనేజరు కూడా స్టాఫే" అన్నాడు. నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. నెల సగమైనా కాలేదు.

కింది వాటాలో దర్జీ ఉంటాడు. మెట్ల దగ్గర ఎదురుపడి, "టీచరమ్మగారూ, పైన కేకలు వినపడ్డం లేదేంటి, పిల్లిగారు రాజీనామా ఇచ్చారా?" అన్నాడు. క్రమశిక్షణలోకి వచ్చిందని చెప్పాను. "అయితే మీ దగ్గరికి ఒక నెల నన్ను కూడా రమ్మంటారా, కాదు కాదు, మా ఆవిణ్ణి పంపుతాను" అని వెనక్కి తిరిగి చూసుకుని గొంతు తగ్గించాడు.

ఈ రోజు పిల్ల తనంతట తనుగా ఒక మాట అంది. వచ్చి పక్కన నిలబడి, నేను చూశాక అంది.

"మేనేజరు ఇప్పుడు మాట్లాడట్లేదండి."

"అదే కదమ్మా మనకు కావలసింది."

"సరేనండి."

జూన్ 16, ఆదివారం

మధ్యాహ్నం సోఫాలో కూర్చుని పేపరు చదువుతున్నాను. పిల్లి పక్కనే పడుకుని ఉంది. వీపు నిమిరాను. ఊరుకుంది. తోక ఊపుతోంది. ఇన్నాళ్ళకు ప్రసన్నమైందనుకుని, ఒళ్ళోకి తీసుకుందామని నడుము కింద చెయ్యి వేశాను.

మణికట్టు పైన కరిచింది. లోతుగానే కరిచింది. బుస లేదు, గుర్రు లేదు, ఏ సూచనా లేదు.

సబ్బుతో కడుక్కున్నాను. అబ్బాయి అడిగితే వరండా తలుపు గొళ్ళెం గీసుకుందని చెప్పాను. అలా ఎందుకు చెప్పానో తర్వాత రాస్తాను, భోజనం వేళయింది.

జూన్ 17, సోమవారం

పొద్దున గది ఊడుస్తుంటే పిల్ల మంచం కింద చీపురుకు గుడ్డ సంచి తగిలింది. బయటికి లాగాను. పైన మేనేజరు గిన్నె, దాని తువ్వాలు, దువ్వెన. వాటి కింద మడత పెట్టిన గౌన్లు రెండు, రంగు పెన్సిళ్ళ డబ్బా, ఒక జత మేజోళ్ళు.

పిల్ల బడికి తయారై గుమ్మంలోకి వచ్చింది. సంచి చూసి ఆగిపోయింది.

"ఇదేమిటమ్మా?"

"మేనేజరు సామానండి."

"బాగుంది. ఈ గౌన్లు మేనేజరువేనా?"

నవ్వలేదు.

"అవి నావండి."

"నీవెందుకు పెట్టావు?"

 పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "వాడు నిన్న మిమ్మల్ని కరిచాడు కదండి. నేను చూశాను. కరిస్తే పంపించేస్తామన్నారు కదండి. వాడు నాతో వచ్చాడు. అందుకని నేను కూడా వెళ్ళాలేమోనని. మీరు రమ్మన్నప్పుడు లేటవకుండా సర్దేశాను."

"ఎక్కడికి వెళ్తావు?"

"గోడౌనుకండి."

గౌన్లు మళ్ళీ మడిచి సంచిలో పెట్టసాగాను. నేను కోప్పడతానని అనుకుందో ఏమో, ఇంకో అడుగు దగ్గరకు వచ్చి అడిగింది.

"అక్కడ మంచం ఉంటుందాండి?"

నేనేమన్నానో రాయాలి. "పిచ్చి ప్రశ్నలు వెయ్యకు, బస్సు వచ్చేస్తుంది" అన్నాను.

"సరేనండి" అంది. వెళ్ళింది.

సంచి మళ్ళీ మంచం కిందే పెట్టేశాను. గది ఊడవడం పూర్తి చేశాను. చెయ్యి సలుపుతోంది.

జూన్ 17, సాయంత్రం

ఒక రోజు రెండుసార్లు రాయడం ఇదే మొదలు. రాయడానికి కొత్తగా ఏమీ లేదు. మార్చి నుంచి ఆ పిల్ల సరే అన్నవన్నీ గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను. ఏది నిజంగా సరేనో ఒక్కటీ తేల్చలేకపోయాను.

జూన్ 18, మంగళవారం

పొద్దున లేచేసరికి చెయ్యి మోచేతి దాకా ఎర్రగా వాచింది. పైట చాటున పెట్టుకుని కాఫీ కలుపుతుంటే కోడలు పట్టుకుంది. ఆమె రక్తపరీక్షల లాబ్‌లో పని చేస్తుంది. రోజుకు ఎన్ని చేతులు చూస్తుందో. దీపం దగ్గరికి లాగి చూసింది.

"అత్తయ్యా, ఇది గొళ్ళెం కాదు."

"గొళ్ళెమే."

"గొళ్ళేనికి కోరపళ్ళుండవు అత్తయ్యా. పదండి."

నాతో అలా మాట్లాడటం ఇదే మొదటిసారి. చెప్పులు కూడా తనే తెచ్చి ముందు పెట్టింది. డాక్టరు దగ్గర ఇంజక్షను, కట్టు, మాత్రలు. పిల్లి కాటును సబ్బుతో కడిగి ఊరుకోకూడదని, అదే రోజు రావాలని డాక్టరు మందలించాడు. మందలింపు విని చాలా ఏళ్ళయింది. అబ్బాయి దుకాణం మూసి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా! నువ్వు అబద్ధం ఆడావా? నువ్వా?"

చేతికి కట్టు ఉండగా కాదనడం ఎలా. "ఆడాను" అన్నాను.

"ఇంక లాభం లేదు. ఆదివారం నేనే తీసుకెళ్ళి దింపొస్తాను" అన్నాడు. అది పిల్లి మీద కోపం కాదు, భయం. చిన్నప్పటి నుంచీ భయమేస్తే ఇలాగే గట్టిగా మాట్లాడతాడు. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడాన్ని ఇదివరకైతే ఒప్పుకోవడం అని రాసేదాన్ని.

మెట్ల దగ్గర దర్జీ: "ఏంటమ్మగారూ ఆ కట్టు? మేనేజరుగారిని జీతం పెంచమని అడిగారా?"

జూన్ 19, బుధవారం

పశువుల డాక్టరు దగ్గరికి పిల్లి బుట్టతో నేను వెళ్ళాను. బడి అయిపోయాక పిల్లను కూడా తీసుకువెళ్ళాను. డాక్టరు మా కోడలంత వయసున్న అమ్మాయి. తొందర లేదు ఆమెకు. బుట్ట మూత తీసి, దాన్ని బయటికి లాగకుండా, అదే వచ్చేదాకా కూర్చుంది. మేం ముగ్గురం ఊరికే కూర్చున్నాం.

"కరిచేముందు బుస కొట్టిందా అమ్మగారూ?"

"లేదు. ఆ అలవాటు మానిపించాను."

ఆమె రాయడం ఆపింది. "ఎలా మానిపించారు?"

చెప్పాను. నీళ్ళ సీసా, "తప్పు" అనడం, చెవులు వాల్చి వినయంగా ఉండటం, అంతా.

"అమ్మగారూ, పిల్లికి వినయం ఉండదండి. అది భయం" అంది. హేళనగా అనలేదు. "మరి తోక?"

"తోక ఊపుతూనే ఉంది. ప్రసన్నంగానే..."

"కుక్క ఊపితే సంతోషమండి. పిల్లి తోక అటూ ఇటూ కొడుతుంటే ఇంక చాలు, చెయ్యి తియ్యండి అని. అప్పటికీ తియ్యకపోతే బుస. అది రెండోసారి చెప్పడం. మీరు ఆ చెప్పడాన్ని మానిపించారు. దాని దగ్గర ఇంక కరవడం ఒక్కటే మిగిలింది."

మనుషుల్లో తోక ఊపేవాళ్ళను చూసి చూసి, తోక ఊపడమంటే ఒకటే అర్థమనుకున్నాను.

వీపు మీద మెల్లగా వేళ్ళు నడిపిస్తూ వెళ్ళి, నడుము దగ్గరికి రాగానే డాక్టరు ఆగింది. పిల్లి తల తిప్పి ఆమె చేతిని చూసింది. "ఇక్కడ నొప్పి ఉంది. ఎప్పుడైనా పడిందా?"

"కూన అప్పుడు మెట్ల మీంచి పడ్డాడండి" అంది పిల్ల. "నడుం కింద పట్టుకుంటే ఎప్పుడూ నొప్పేనండి వాడికి."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

పిల్ల నేల చూసింది. డాక్టరు వెంటనే మందుల బీరువా వైపు తిరిగి, అక్కడ ఏదో చాలాసేపు వెతికింది.

ఎక్స్‌రే తీస్తే తుంటి ఎముక దగ్గర పాత దెబ్బ కనిపించింది. నొప్పికి చుక్కల మందు రాసింది. ఎత్తకండి, దాని వెంట పడకండి, దానికి ఎత్తుగా ఎవరూ ముట్టుకోని చోటొకటి ఇవ్వండి, తిండికి ముందు తాడుతో కాసేపు ఆడించండి, దెబ్బ గానీ నీళ్ళు గానీ వద్దు. "మళ్ళీ బుస కొడితే మాత్రం సంతోషించండి" అంది గుమ్మం దాకా వచ్చి.

దారిలో పిల్ల బుట్ట పట్టుకుని నడిచింది. నేను ఏదో అనాలనుకుని ఎండ గురించి అన్నాను.

జూన్ 20, గురువారం

పుస్తకాల బీరువా పైన దాని తువ్వాలు వేశాను. దూకలేకపోతోందని చూసి, కింద స్టూలు పెట్టాను. ఎక్కింది. అక్కడి నుంచి నన్ను చూస్తోంది. నేను పట్టించుకోనట్టు ఉన్నాను. ఇద్దరం నటిస్తున్నాం.

జూన్ 21, శుక్రవారం

స్టూలు జరుపుతుంటే మేనేజరు బుస కొట్టాడు. చెయ్యి తీసేశాను. మళ్ళీ పడుకున్నాడు.

జూన్ 22, శనివారం

రేపు ఆదివారం. అబ్బాయి గోడౌను స్నేహితుడికి వస్తున్నానని చెప్పేశాడు. డాక్టరు చెప్పినవన్నీ అతనికి చెప్పాను. "నిజమేనమ్మా, కానీ నొప్పి తగ్గేలోపల ఇంకొకరిని కరిస్తే?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. లేని జవాబును ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. గొళ్ళెం సంగతి మినహాయించి.

సాయంత్రం అందరం హాల్లో ఉన్నాం. మేనేజరు సోఫా చివర పడుకుని ఉంది. పిల్ల కింద కూర్చుని బొమ్మ వేసుకుంటోంది. నేను కోడలి వైపు తిరిగి అడిగాను.

"రేపు దీన్ని పంపడం గురించి నువ్వేమంటావు?"

"మీ ఇష్టం అత్తయ్యా."

"నా ఇష్టం నాకు తెలుసు. నీది అడుగుతున్నాను."

చాలాసేపు తన గాజు తిప్పుకుంది. మా అబ్బాయి నోరు తెరవబోతే చూపుతో ఆపాను. ఆ చూపు ఇంకా పనిచేస్తోంది.

"నాకు ఇష్టం లేదు అత్తయ్యా" అంది చివరికి. "అస్సలు ఇష్టం లేదు. దానికి వాడు తప్ప..." అని ఆగి, కూతురి తల వైపు చూసింది.

అబ్బాయి తెల్లబోయాడు. "మరి నాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదండి. చెప్పారు."

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. నేను కిటికీ వైపు చూశాను. ఆ మాట అతనొక్కడికే తగిలేది కాదు.

 నాకు చేతులతో ఏం చెయ్యాలో తోచలేదు. పక్కనే పిల్లి ఉంది. బాగున్న చేత్తో దాని వీపు నిమరబోయాను. ఒకసారి నిమిరాను, రెండోసారి నిమిరాను.

"వద్దు!"

పిల్ల. లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. చిన్న చెయ్యి, పెన్సిలు రంగు అంటుకుని ఉంది, గట్టిగానే పట్టుకుంది.

"తోక చూడట్లేదా మీరు? కొడుతున్నాడు కదా! ఎన్నిసార్లు చెప్పాలి వాడు? వదిలెయ్యండి వాణ్ణి. అందరూ వాణ్ణి వదిలెయ్యండి. వాడెక్కడికీ రాడు!"

ముఖం ఎర్రబడింది.  ఒక్క "అండి" లేదు ఎక్కడా.

వాళ్ళమ్మ లేచి "తప్పు..." అనబోయింది. "నువ్వు కూర్చో" అన్నాను కోడలితో. చెయ్యి తీసేశాను. పిల్లి దిగి, తాపీగా స్టూలు మీదుగా బీరువా పైకి ఎక్కి, అటు తిరిగి పడుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరినీ కరవలేదు.

మా అబ్బాయి కాసేపు బీరువా పైకి చూశాడు. తర్వాత పిల్ల వైపు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, రోజంతా దుకాణంలో అలా తుడవకూడదని అందరికీ చెప్పే మనిషి.

"నువ్వు చూస్తూ ఉంటావా వాడి తోక?" అని అడిగాడు. "మాకు తెలియకపోతే చెప్తావా? ఇప్పుడు చెప్పినట్టు, ఇంత గట్టిగా?"

పిల్ల ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, తెలుస్తూనే ఉంది.

"మీరు వింటే చెప్తాను" అంది.

అతను ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. "లేదురా, మా మేనేజరుని ట్రాన్స్‌ఫర్ చెయ్యడం లేదు" అనడం వినిపించింది.

ఇక జరగవలసినవి:

1. నడుము దగ్గర ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. కుర్చీ కావలసినవాళ్ళు ఇంకో కుర్చీ తెచ్చుకోవాలి. ఇది అబ్బాయికి కూడా వర్తిస్తుంది.

2. చుక్కల మందు పొద్దున, సాయంత్రం తిండిలో కలపాలి. అది కోడలు చూస్తుంది. ఎప్పుడు వీలవుతుందో ఆమెను అడిగి తెలుసుకోవాలి, నేను నిర్ణయించకూడదు.

3. బుస కొట్టినవాళ్ళను తప్పు అనకూడదు. ముందు వెనక్కి తగ్గాలి, తర్వాత ఎందుకో కనుక్కోవాలి.

4. బుధవారం మళ్ళీ డాక్టరు దగ్గరికి. నొప్పి తగ్గకపోతే వేరే మందు ఉందేమో అడగాలి. బుట్ట పిల్లే పట్టుకుంటుంది.

5. మంచం కింద సంచి నేను విప్పకూడదు. తను విప్పుతుంది.

6. ఈ ఇంట్లో తను ఉండటానికీ, పిల్లి ఉండటానికీ, ఎవరు మంచిగా ఉన్నారన్నదానికీ సంబంధం లేదని పిల్లకు చెప్పాలి. పిల్లి కరిచినా, తను అరిచినా, తన మంచం ఇక్కడే ఉంటుందని చెప్పాలి. అర్థం చేసుకుంటుందిలే అని ఊరుకోకూడదు, నోటితో చెప్పాలి. రేపు పొద్దున్నే, ఇంకెవరూ లేవకముందు. చెప్పేసి వంటింట్లోకి లేచి వెళ్ళిపోకూడదు. మంచం మీద పక్కన కూర్చుని, తను ఏమంటుందో వినాలి. ఏమీ అనకపోయినా కూర్చోవాలి.